ఓనరు బీరువాలో శిరీన్ మూట

కర్నూలు,
శనివారం.

సోమవారం నాడు అర్జీలు తీసుకొను అధికారి గారి సముఖమునకు,

కోడుమూరు మండలము నుండి వచ్చి, ప్రస్తుతము కర్నూలు కల్లూరు వైపు, భూపేష్ గారి ఇంటిలో మూడవ అంతస్తున, నీళ్ల ట్యాంకు కింది గదిలో బాడుగకు ఉంటున్న దూదేకుల దస్తగిరమ్మ, భర్త కాలము చేసిన హుస్సేన్ సాహెబ్, వయసు అరవై ఎనిమిదో డెబ్బయ్యో, తన చేతితో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా మనవరాలు శిరీన్ చదువు సర్టిఫికెట్లు నాలుగు ఇంటి ఓనరు బీరువాలో చిక్కుకొని ఉన్నందున, వాటిని వచ్చే గురువారం సాయంత్రం నాలుగు గంటల లోపల ఇప్పించుట గురించి.

సూచిక: క్రితం సోమవారం నేను వరుసలో నిలబడి ఇచ్చిన అర్జీ, దానికి తమరు పంపిన మెసేజీ.

మొదటి అర్జీని గేటు ముందర కూర్చున్న ఆయన చేత రాయించినాను. అందులో 'సదరు', 'యథోచితముగా' అను మాటలు ఉన్నవి గానీ నేను చెప్పిన మాట ఒక్కటి లేదు. అందుచేత ఈసారి నేనే రాస్తున్నాను. నాలుగవ తరగతి వరకు చదివినాను. అక్షరములో తప్పు ఉంటే వదిలివేయవలెను, మాటను వదలరాదు.

1) మేము ఈ పట్నమునకు ఎందుకు వచ్చినామనగా, శిరీన్‌కు ఇక్కడి డిగ్రీ కాలేజీలో సీటు వచ్చినది. హాస్టలు దొరకలేదు. నా కొడుకు ముస్తాక్, కోడలు కోడుమూరులో పరుపులు కుడతారు, పని వదిలి రాలేరు. పిల్లను ఒంటరిగా పంపితే నాకు నిద్ర పట్టదు. వెంట ఉన్నా పట్టదు గానీ, కనీసం కంటికి కనపడుతూ ఉంటుంది. అందుకని నేను వచ్చినాను.

ఇల్లు వెతకడానికి ఐదు దినములు పట్టినది. ఒక ఇంట్లో ఒకామె గ్రిల్లు లోపలి నుంచే, "మీరేమిటోళ్లమ్మా?" అని అడిగినది.

"దూదేకులోళ్లం తల్లీ."

"అంటే సాయిబులేనా?"

"పేర్లు అవే. మాట మాత్రం నీ మాటే" అన్నాను.

"గదులన్నీ నిన్ననే అయిపోయినాయి" అని తలుపు వేసినది. ఖాళీ ఉన్నదని కట్టిన బోర్డు ఈ రోజుకూ ఆ గేటుకు వేలాడుతున్నది. కూరగాయలకు పోయినప్పుడల్లా చూస్తున్నాను.

ఇంకొక చోట ఒక పెద్దాయన, "పిల్లకైతే ఇస్తాంలే. నీకియ్యం. ముసల్దానివి, రేపేమన్నా అయితే ఎవురు చూస్కోవల్ల?" అన్నాడు. "పిల్ల పరీక్షలయ్యేదాకా నాకేమీ కాదులేప్పా" అని మాట ఇచ్చినాను. నమ్మలేదు.

2) ఆరవ దినమున భూపేష్ గారు గది ఇచ్చినారు. ఆయన మమ్మల్ని ఏమిటోళ్లని అడగలేదు. నీసు వండితే కిటికీ మూసుకోవలెను, తొమ్మిదికి గేటు వేయబడును, మిద్దె మీద బట్టలు ఆరవేయరాదు, గోడకు మేకు కొట్టరాదు అని నాలుగు మాటలు చెప్పి, "అవ్వా, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నారు. ఆ ఐదవ మాట నేను నమ్మినాను. మిగిలినదంతా దాని వల్లనే వచ్చినది.

గది గురించి కూడా తమరికి తెలియవలెను. ట్యాంకు సరిగ్గా మా మంచానికి పైన ఉన్నది. అది నిండితే స్లాబు కూలుతుందేమోనని భయము, నిండకపోతే నీళ్లు రావేమోనని భయము. కరెంటు తీగ కిటికీకి మూర దూరంలో పోతున్నది. శిరీన్ ఆ కిటికీ దగ్గరే కూర్చుని చదువుతుంది. చెబితే వినదు.

3) మా ఊరి పద్ధతి ఒకటి తమరికి తెలిసి ఉండదు. మా బోటి వారి ఇండ్లు రేకులవి. వాన వస్తే కారును. ఎలుకలు పరుపునే కొరికి పోగులు పెట్టును, వాటికి కాగితమొక లెక్కా? అందుచేత పాసు పుస్తకములు, పట్టాలు అన్నీ గుడ్డలో కట్టి ఊరి పెద్దింటి ఇనుప బీరువాలో పెట్టుకోవడం మా అత్త కాలం నుంచి ఉన్నది. ఆ ఇంటి పెద్దమ్మ సుబ్బలక్ష్మమ్మ గారు ఎవరి మూట వారికి అడిగిన గడియలో తీసి ఇచ్చేది. ఎవరి ముడి వారిదే. ఒక్కనాడు ఒక్క ముడి విప్పినది లేదు. రసీదు అడగడమంటే ఆమెను దొంగ అన్నట్లే, కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు.

ఆ లెక్కనే, గదిలో దిగిన దినమే, శిరీన్ కాలేజీకి పోయినాక, దాని పదవ తరగతి మార్కుల కాగితము, ఇంటర్ మార్కుల కాగితము, టీసీ, కుల సర్టిఫికెట్టు మా ఆయన దస్తీలో చుట్టి, పరుపుకు వేసే ముడి వేసి, భూపేష్ గారి చేతిలో పెట్టినాను.

"అప్పా, నీ బీరువాలో రోంత చోటియ్యి. పైన ట్యాంకు పగిలితే మొదట తడిసేవి ఇవే."

ఆయన నవ్వినారు. "ఇయ్యవ్వా, నా దగ్గరుంటే యాడికి పోతాయి?" అన్నారు. ఎక్కడికీ పోలేదు. అదే ఇప్పుడు నా ఫిర్యాదు.

ఈ సంగతి శిరీన్‌కు తెలియదు. ట్రంకు పెట్టెలో ఉన్నవని చెప్పినాను. ట్రంకు తాళం చెవి నా మెడలో ఉన్నది. ట్రంకు లోపల ఒక దుప్పటి ఉన్నది.

కాలేజీ వారు అప్పట్లో జిరాక్సులు చూసి చేర్చుకున్నారు. ఇప్పుడు అసలు కాగితాలు గురువారం సాయంత్రం నాలుగు లోపల చూపకపోతే సీటు పోతుందని గోడకు అంటించినారట. శిరీన్ వచ్చి చెప్పి, "మనకేం జేజీ, ట్రంకులో ఉండాయి గదా" అని అన్నం పెట్టమన్నది. ఆ పూట నేను కూరలో ఉప్పు వేయడం మరిచినాను. అది కూడా చెప్పలేదు, పిల్ల అట్లే తిన్నది.

4) ఇక భూపేష్ గారికి నా మీద పగ ఎట్లు వచ్చినదనగా.

ఇక్కడ కొళాయి నీళ్లు దినము విడిచి దినము, తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తాయి. మా వైపు వారానికి ఒకసారి వస్తాయి, ఏ గడియకు వస్తాయో ఆ నీళ్లకే తెలియదు. అందుకని మా వీధిలో మొదట ఎవరికి తెలిస్తే వారు స్టీలు తట్ట, అనగా అన్నము తినే కంచము, వాయించుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా అందరినీ లేపవలెను. లేపకుండా తన బిందెలు మాత్రం నింపుకున్న దానితో ఏడాది పొడవునా ఎవరూ మాట్లాడరు. నాకు ఆ అలవాటు డెబ్బయి ఏండ్లది. ఊరు మారితే చేయి మారునా?

మొదటి దినము నేను గేటు దగ్గర కొళాయి బుసబుసమనడం విని, తట్ట తీసుకొని వీధిలోకి పోయి, "నీళ్లొచ్చినాయమ్మా, లేయండి! పోతాండాయి, లేయండి!" అని వాయించినాను. వీధిలో ఎవరూ రాలేదు. మా ఇంట్లో మాత్రం తొమ్మిది గదుల పిల్లలూ లేచినారు. పక్క గదిలో ఉండే నిస్సీ అను పిల్ల జుట్టు విరబోసుకొని వచ్చి, "అవ్వా, పరీక్షకు చదివి ఇప్పుడే పండుకున్న్యాను. నీకు దండం పెడతా, ఆ తట్ట నాకిచ్చెయ్యి" అన్నది.

"తట్టిస్తే గరిటె ఉండాది తల్లీ" అన్నాను.

ఆ పిల్ల రెండు వారములు నాతో మాట్లాడలేదు. శిరీన్ కూడా సిగ్గుతో సగము చచ్చినది. అయినా నేను మానలేదు. నీళ్లు వచ్చినవని తెలిసి ఊరకుండడము నా చేత కాదు.

మూడవసారి వీధి ఆడవారు బిందెలు తీసుకొని బయటికి వచ్చినారు. వారి కొళాయిలలో చుక్క లేదు. తుంగభద్ర పక్కన పెట్టుకొని ఆ వీధి వారు నెలల తరబడి ట్యాంకరు కోసం కాచుకొని ఉన్నారట. మా ఇంటి సంపు మాత్రం లోపల గుళగుళమని నిండుతున్నది. ఎదురింటి ఆమె ఆ చప్పుడు పట్టుకొని పోయి, మా గేటు పక్క బండ ఎత్తి చూసినది. బండ కింద, వీధి పైపునకే నేరుగా ఒక మోటారు బిగించి ఉన్నది. వీధి నీళ్లన్నీ అదే లాగుతున్నది.

అందరూ కలిసి నీళ్లు వదిలే ఉరుకుందు అను మునిసిపాలిటీ మనిషిని పిలుచుకొని వచ్చినారు. అతడు బండ మీద కూర్చొని బీడీ ఆర్పి, "ఏమప్పా భూపేషూ, ఈదంతా ఎండిపోతావుంటే నీ సంపు సముద్రమైపోతాండాది. ఎవురు పెట్టినారిది?" అని అడిగినాడు.

భూపేష్ గారు లుంగీ సర్దుకొని, "నాకేం తెల్సప్పా. బాడుగోళ్లు ఎవురో పెట్టుకున్న్యారు" అన్నారు.

"బాడుగోళ్లు ఈది రోడ్డు తవ్వి మోటారు పెట్టుకుంటాంటే నువ్వు పండుకోనుండావా?" అని ఎదురింటి ఆమె అన్నది. ఆడవారందరూ నవ్వినారు. నేను కూడా నవ్వినాను. ఆయన నన్ను మాత్రమే చూసినారు.

ఉరుకుందు మోటారు విప్పుకొని పోయినాడు. మోటారు పెట్టినవారు ఎవరో జవాబు చెప్పవలెనని తరువాత భూపేష్ గారికి నోటీసు వచ్చినది.

5) ఆ దినము నుంచి 'అవ్వ' పోయి 'ముసల్దానా' వచ్చినది. మా గదికి వచ్చే నీళ్ల పైపు తిప్పి కట్టివేసినారు. మెట్ల మీది బల్బు తీసివేసినారు. ఎదురింటి ఆమె పుణ్యమున రెండు బిందెలు తెచ్చుకొని, చీకటిలో మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కుతున్నాను. నలభై ఒకటి ఉన్నవి. నేను పడితే పిల్లకు వండేది ఎవరని ఒక్కొక్క మెట్టుకు ఒకసారి అనుకుంటాను. ఆ పైన, నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు.

సరే, ఖాళీ చేస్తాను, నా మూట ఇమ్మని అడిగినాను.

"ఏ మూట?"

"అట్లనకప్పా. నీ చేతిలో పెట్టినాను గదా."

"ఉండాదిలే. ఈ కాగితం మీద సంతకం పెట్టు, తీస్కపో."

టైపు చేసిన కాగితము. కూడబలుక్కొని చదివినాను. ఓనరు గారికి తెలియకుండా, దస్తగిరమ్మ అను నేను, నా సొంత అవసరం కొరకు మోటారు బిగించుకొన్నానని అందులో ఉన్నది.

"అప్పా, గ్యాసు పొయ్యి ముట్టించాలంటేనే నాకు చేతులు వణుకుతాయి. లైటరు కూడా పిల్లే కొడతాది. కరెంటు మోటారు నేనెట్ల పెడతాను?"

"అది నాకు తెల్దు. ఈదిని లేపింది నీ తట్టనే గదా. నువ్వే చెప్పుకో జవాబు."

6) ఆ కాగితము మీద నేను సంతకము పెట్టను. మా ఆయన నలభై ఏండ్లు పరుపులు కుట్టినాడు, ఎవరి పరుపులోనూ పాత దూది కలిపి కొత్తదని చెప్పలేదు. ఆయన దస్తీలో కట్టిన కాగితముల కొరకు నేను అబద్ధము కింద పేరు రాయను. ఇది నా స్థిరమైన మాట.

7) స్టేషనుకు పోయినాను. ఏ స్టేషనో రాయను, నేను మళ్లీ ఆ వీధినే నడవవలెను. అక్కడి అయ్య, "నీ చేత్తో నువ్వే ఇచ్చినావు గదవ్వా, దొంగతనం యాడుండాది ఈడ?" అన్నాడు. నిజమే. నా చేతితోనే ఇచ్చినాను. అన్నము ముద్ద ఎత్తినప్పుడల్లా ఆ చేయి నాకు కనపడుతున్నది.

8) తరువాత క్రితం సోమవారం తమరి దగ్గరకు వచ్చినాను. పొద్దున ఎనిమిదికి నిలబడితే మధ్యాహ్నం నా వంతు వచ్చినది. అర్జీ తీసుకొన్నారు, ముద్ర కొట్టినారు, ఫోను నంబరు అడిగినారు. నాకు ఫోను లేదు, శిరీన్ నంబరు చెప్పినాను. బుధవారము దాని ఫోనుకు, "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజీ వచ్చినది.

పిల్ల నన్ను చూసి, "ఏం సమస్య జేజీ?" అన్నది. "వేరే ఎవరిదో తప్పుగా వచ్చినట్లుండాది" అన్నాను. మెసేజీ పంపినవారు ఎవరో మూడంతస్తులు ఎక్కి వచ్చి, పరిష్కరించినది ఏది, అది ఏ మూలన ఉన్నది, నాకు వేలు పెట్టి చూపవలెను. నేను గదంతా వెతికినాను. తమరి ముద్ర వలన నాకు ఒరిగినది ఏమనగా, పిల్లతో ఇంకొక అబద్ధము. ఈసారి ఫోను నంబరు గడి ఖాళీగా వదిలినాను.

కావున నేను కోరునది:

(అ) తమరి కచేరి నుంచి మనిషిని పంపి, భూపేష్ గారి బీరువా తెరిపించి, నా మూట నాకు ఇప్పించవలెను. ముడి విప్పరాదు.

(ఆ) శిరీన్ కాలేజీలో ఉండే సమయమున, అనగా పది నుంచి మూడు లోపల, రావలెను.

(ఇ) గది ఖాళీ చేయించుట అనునది పిల్ల పరీక్షలు అయ్యే వరకు ఆపించవలెను. నేను తట్ట వాయించడము మానుకొంటాననే మాట మాత్రం ఇవ్వలేను. రుమాలు చుట్టి మెల్లగా వాయిస్తాను.

గురువారము దాటితే తమరు సర్టిఫికెట్లు బంగారు పళ్లెములో పెట్టి ఇచ్చినా నాకు అక్కరలేదు. పిల్లకు రెండు నెలలప్పుడు దాని తొట్టి పరుపు నేనే కుట్టినాను. దాని సీటు నా తెలివి తక్కువ వలన పోయినదంటే, నేను దానికి ఏ మొగము చూపవలెనో ఆ సంగతి కూడా తమరే రాసి పంపవలెను.

చిత్తగించవలెను. క్రితంసారి వలె కాక, చదివి చిత్తగించవలెను.

ఈ మాట రాయకపోతే అర్జీ తీసుకోరని గేటు దగ్గరి ఆయన చెప్పినందున,
తమ విధేయురాలు,
దూదేకుల దస్తగిరమ్మ

తాజాకలము: ఆదివారం సాయంత్రం.

అయ్యా, పైన ఆరవ నంబరులో రాసినది కొట్టివేయవలెను. నేనే కొట్టివేద్దునుగానీ కాగితము చెడిపోతుంది, ఇంకొకటి లేదు.

ఈ మధ్యాహ్నము శిరీన్, "జేజీ, ట్రంకు తాళమియ్యి, సర్టిఫికెట్లు తీసి ఫైల్లో సర్దుకుంటా" అన్నది. తాళము పోయినదన్నాను. పిల్ల నవ్వి, "నీ మెడలో ఉండాది గదా" అని చేయి చాచినది. "రోంత ఆగు, కింద ఆరేసిన మిరపకాయలు తీసుకొస్తా" అని చెప్పి, మిరపకాయలు లేని కిందికి దిగినాను.

సంతకము పెట్టినాను. 'దస్తగిరమ్మ'లో ఒక అక్షరము పోయినది. భూపేష్ గారు చాలులే అన్నారు. బీరువా తెరిచి మూట ఇచ్చినారు. ముడి నాది కాదు. విప్పి చూసుకొన్నాను, నాలుగూ ఉన్నవి. చీర కొంగులో పెట్టుకొని నలభై ఒక్క మెట్లు ఎక్కి, పిల్ల ముఖం కడుక్కొనేటప్పుడు ట్రంకులో దుప్పటి కింద పెట్టి, అప్పుడు తాళము ఇచ్చినాను. "చూసినావా జేజీ, ఊరికే భయపడతావు" అన్నది.

కాబట్టి (అ), (ఆ) ఇక అవసరము లేదు. అయినా ఈ అర్జీ ఇస్తున్నాను, ఎందుకనగా ఆ కాగితములో ఉన్నది అబద్ధమని ఎక్కడైనా ఒక చోట నా చేతి రాతతో ఉండవలెను. కేసు పెడితే నా మీదనే పెట్టండి, గానీ గురువారం సాయంత్రం నాలుగు తరువాత పెట్టండి. అంతకు ముందు వస్తే నేను తలుపు తీయను. జైలులో నీళ్లు రోజూ వస్తాయని నిస్సీ చెప్పినది. ఈ మధ్య మాట్లాడుతున్నది.

ఇంకొక చింత ఉన్నది. మోటారు నేనే పెట్టినానని సంతకము చేసినాను గదా. రేపు కోర్టులో జడ్జి దొర, "ఎట్ల పెట్టినావో చూపు" అంటే ఏమి చేయవలెను? దాని స్విచ్చి ఎక్కడ ఉంటుందో కూడా నాకు తెలియదు. ఉరుకుందును అడిగితే "నాకెందుకవ్వా ఈ పంచాయితీ" అని సైకిలెక్కినాడు. భూపేష్ గారు నిన్ననే కొత్త మోటారు తెచ్చి అదే బండ కింద బిగించినారు, అది ఇక్కడే ఉన్నది. కావున తమరు దయతో తెలిసిన మనిషిని ఒకరిని పంపి, మోటారు ఎట్లు బిగిస్తారో నాకు నేర్పించవలెను.

ద. ద.